బస్సు తిరగడానికి చోటు ఉందా?

(హైదరాబాద్ శివారు బాచుపల్లి పరిసరాల్లోని కొన్ని కాలనీ సంఘాలు కలిసి ఏర్పాటు చేసిన సమావేశంలో, సిటీ బస్సుల ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక అధికారి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆదివారం సాయంత్రం ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. రోజూ ఆ మియాపూర్ రోడ్డు మీద నిలబడేవాళ్లే వచ్చారని మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది.

కార్యదర్శిగారు నన్ను మెట్రో గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ఆ మాట ఎత్తకపోతే మీరు నన్ను ఇక్కడి నుంచి కదలనివ్వరు, నాకు తెలుసు. కానీ ముందు గోడల గురించి మాట్లాడతాను. అవును, గోడల గురించే. కాంపౌండు గోడలు.

ఈ హాలు వెనక ఒక గోడ ఉంది. వచ్చేటప్పుడు చూశాను. గోడకు అవతల ఇంకో కాలనీ ఉంది, అది దాటితే మెయిన్ రోడ్డు. గోడ లేకపోతే నాలుగైదు నిమిషాల నడక. గోడ ఉంది కాబట్టి మీరు ఇటు తిరిగి, అటు తిరిగి, ఆ నాలా పక్క నుంచి వెళ్లి, కిలోమీటరున్నర తిరిగితే గానీ అదే మెయిన్ రోడ్డు రాదు. కిలోమీటరున్నర ఎవరు నడుస్తారు? ఎండలో ఎవరు నడుస్తారు? అందుకని బండి తీస్తారు. ఒకసారి బండి తీశాక మెయిన్ రోడ్డు దగ్గర ఆపి బస్సు ఎక్కుతారా? ఎక్కరు. నేరుగా ఆఫీసుకే పోతారు. ఇలా ఎన్ని వేలమంది బండ్లు తీస్తే ఆ రోడ్డు అలా ఉంటుందో మీరే చెప్పండి.

ఆ గోడ ఎవరు కట్టారు? ఎందుకు అక్కడే కట్టారు? ఈ ప్రశ్న ఎవరైనా అడిగారా?

నేను చెబుతాను. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు పొలాలు. ఒక రైతు దగ్గర ఒక సర్వే నంబరు, పక్క రైతు దగ్గర ఇంకో సర్వే నంబరు. ఒకాయన వచ్చి ఈ పొలం కొని వెంచర్ వేశాడు. ఆయన చేతిలో ఉన్నది ఆరెకరాలు. ఆ ఆరెకరాల్లో ముప్పై అడుగుల వీధులు గీసి, ప్లాట్లు కోసి, గజాల లెక్కన అమ్ముకుని వెళ్లిపోయాడు. ఆయన వీధి ఎక్కడ ఆగింది? పొలం గట్టు దగ్గర ఆగింది. రెండేళ్ల తర్వాత పక్క పొలంలో ఇంకొకాయన వెంచర్ వేశాడు. ఆయన వీధులు ఈ వీధులకు ఎదురుగా రావాలని ఉందా? లేదు. ఆయన ప్లాట్లు ఆయనవి, ఆయన లెక్క ఆయనది. అలా గట్టు ఉన్నచోట గోడ లేచింది. మీరు ఇవాళ చుట్టూ తిరిగి పోతున్నది ఎప్పుడో అరక దున్నిన పొలాల గట్ల వెంటే.

ఇది ఈ ఒక్క కాలనీ కథ కాదు. నిజాంపేట, ప్రగతినగర్, అమీన్‌పూర్, అటు బోడుప్పల్, పీర్జాదిగూడ, ఇటు మణికొండ, అంతటా ఇదే. 2020లో ఎల్‌ఆర్‌ఎస్ అని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా వచ్చాయి. పాతిక లక్షలు! అంటే ఎవరూ పటం ముందు పెట్టుకుని చూడకుండా కోసేసిన ప్లాట్లు అన్ని ఉన్నాయన్నమాట. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎల్‌ఆర్‌ఎస్ కట్టినవాళ్లు చేతులెత్తండి... చాలు, చాలు, దించేయండి. నేను రెవెన్యూ మనిషిని కాను.

నేను బస్సుల మనిషిని. కొత్త రూటు వేయాలంటే ఏం చేస్తామో మీకు చెబుతాను, ఎందుకంటే సంగతంతా అక్కడే ఉంది. ఒక కాలనీ వాళ్లు అర్జీ ఇస్తారు, మాకు బస్సు కావాలని. ఎమ్మెల్యేగారు దాని మీద సంతకం పెడతారు. మేము వెళ్లి దారి చూస్తాం. జనం ఉన్నారా అని ముందు చూస్తామనుకుంటారు మీరు. కాదు. జనం ఎక్కడైనా ఉన్నారు. మేము ముందు చూసేది బస్సు వెనక్కి తిరగడానికి చోటు ఉందా అని. పన్నెండు మీటర్ల బస్సు ఒక్క ఊపులో తిరగాలంటే దాదాపు ఇరవైనాలుగు మీటర్ల వెడల్పు కావాలి. అంటే ఎనభై అడుగులు. మీ వీధి ఎంత? ముప్పై అడుగులు. అందులో ఇరుపక్కలా ర్యాంపులు, మొక్కలు, కార్లు. మిగిలింది పన్నెండు అడుగులు.

తర్వాత తలెత్తి చూస్తాం. కేబుల్ వైర్లు ఎంత ఎత్తులో వేలాడుతున్నాయి? కానుగ చెట్టు కొమ్మ అద్దానికి తగులుతుందా? తర్వాత కిందికి చూస్తాం. మ్యాన్‌హోల్ మూత రోడ్డుకన్నా జానెడు ఎత్తుంటుంది ఒక్కోచోట. స్పీడు బ్రేకర్ అయితే ఎవరి ఇంటి ముందు వాళ్లు సొంతంగా పోసుకున్నదే! బస్సు దాని మీద ఎక్కితే కింద తగులుతుంది. ఇక ఆఖరున ఇంకొకటి చూస్తాం, ఇది బయటివాళ్లకు తట్టదు. రూటు చివర డ్రైవరు, కండక్టరు దిగితే టాయిలెట్ ఉందా? మహిళా కండక్టర్లు ఉన్నారు. పొద్దున నాలుగున్నరకు డ్యూటీ ఎక్కిన మనిషి. రెండు ట్రిప్పులు వేసి ఇక్కడ దిగితే ఎక్కడికి వెళుతుంది? ఒక చిన్న హోటల్ వాళ్లు దయతలచి తాళం చెవి ఇస్తే ఆ రూటు నిలబడుతుంది. లేదంటే నెల తిరిగేలోపు ఆ షెడ్యూల్ మీద డ్యూటీ అంటే అందరూ మొహం తిప్పుకుంటారు.

మన దగ్గర ప్లాటు కొనేటప్పుడు ఏమేం అడుగుతాం? తూర్పు ముఖమా? బోరు పడుతుందా? గుడి ఎంత దూరం, స్కూలు ఎంత దూరం? బస్సు ఎక్కడ తిరుగుతుందని ఎవరైనా అడిగారా? మీరు అడగలేదు, అమ్మినాయన చెప్పలేదు, సంతకం పెట్టిన ఆఫీసులో కూడా అడగలేదు.

ఇప్పుడు ఇక్కడికి కాస్త దూరంలోనే ఉన్న కేపీహెచ్‌బీ చూడండి. హౌసింగ్ బోర్డు వేసిన కాలనీ. ఆ రోజుల్లో దాన్ని చూసి అడవిలో ఇళ్లెవరు కొంటారని నవ్వినవాళ్లు ఉన్నారు. పేదలకు చిన్న ఇళ్లు, గుమాస్తాలకు ఎల్‌ఐజీ, కాస్త జీతం ఉన్నవాళ్లకు ఎంఐజీ, ఇలా ఫేజులు ఫేజులుగా కట్టారు. ఫేజుకూ ఫేజుకూ మధ్య పెద్ద రోడ్లు వదిలారు. ఆ రోడ్ల మీద బస్సు లోపలికి వెళ్లింది, తిరిగింది, బయటికి వచ్చింది. ఇవాళ ఆ రోడ్లన్నీ తినుబండారాల కొట్లతో నిండిపోయి ఉండవచ్చు, అది వేరే సంగతి. కానీ అక్కడ జనం ఇన్ని రెట్లు పెరిగినా ఊపిరి ఆడుతోందంటే ఆ రోజు గీసిన గీతల వల్లే.

ఇంకా వెనక్కి వెళ్తే బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, ఐడీపీఎల్. 1960లలో వచ్చిన ఫ్యాక్టరీలు. ఆ రోజుల్లో శివారు అంటే ఫ్యాక్టరీ గేటు ముందు పుట్టింది. టౌన్‌షిప్పు పక్కనే, షిఫ్టు టైముకు బస్సు. సైరన్ మోగితే బస్సు కదిలేది. ఇప్పటి శివారు ఎక్కడ పుడుతోంది? గజం ఎక్కడ చవకగా దొరికితే అక్కడ. ఉద్యోగం గచ్చిబౌలిలో, ఇల్లు మల్లంపేటలో, పిల్లల కాలేజీ ఇంకో దిక్కున. మూడూ మూడు మూలల్లో.

మెట్రో సంగతి

సరే, మెట్రోకు వస్తున్నాను. అక్కడ ఇద్దరు గడియారం చూస్తున్నారు.

2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా 30 కిలోమీటర్లు మొదలైంది. మరుసటి ఏడాది అమీర్‌పేట నుంచి ఎల్‌బీనగర్, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్. మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. పాతబస్తీకి వెళ్లాల్సిన ముక్క మాత్రం అప్పుడు ఆగిపోయింది. అది ఎందుకు ఆగింది, ఎవరు ఆపారు అన్నది పెద్ద కథ, ఇవాళ వద్దు. 2025లో, నడుపుతున్న సంస్థ నష్టాలు మోయలేమని అంటే, ప్రభుత్వమే తీసుకోవడానికి ముందుకొచ్చింది.

రెండో దశ కోసం 2024 నవంబరులో కేంద్రానికి పంపిన ప్రతిపాదన 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. నాగోలు నుంచి విమానాశ్రయం, రాయదుర్గం నుంచి కోకాపేట, ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట, మియాపూర్ నుంచి పటాన్‌చెరు, ఎల్‌బీనగర్ నుంచి హయత్‌నగర్. బాచుపల్లి ఉందా అందులో? లేదు. వెనక నుంచి ఎవరో నిట్టూర్చారు, వినిపించింది.

ఇప్పుడు లెక్క వేయండి. 24,269ని 76.4తో భాగిస్తే కిలోమీటరుకు 318 కోట్లు. ఒక ఎలక్ట్రిక్ బస్సు కోటిన్నర అనుకోండి. ఒక్క కిలోమీటరు మెట్రో డబ్బుతో రెండు వందల బస్సులు. నేను మెట్రోకు వ్యతిరేకిని కాను, బాగా గుర్తుపెట్టుకోండి, రేపు మళ్లీ ఎవరూ వాట్సాప్‌లో అలా రాయకండి. ఎల్‌బీనగర్ నుంచి మియాపూర్ లాంటి దారిలో అంత జనాన్ని బస్సులు మోయలేవు. అక్కడ రైలు కావలసిందే. నేను అడిగేది వేరు. మియాపూర్ స్టేషన్ ఇవాళ ఉంది. మీ ఇంటికి ఎంత దూరం? అయిదు కిలోమీటర్లా? ఆరా? మరి మీలో ఎంతమంది రోజూ మెట్రో ఎక్కుతున్నారు? చేతులెత్తండి... ఇంతేనా? ఇంత పెద్ద హాల్లో ఇంతేనా?

ఎందుకు ఎక్కడం లేదు? స్టేషన్ దాకా వెళ్లేది ఎలాగో తెలియక. షేర్ ఆటో కోసం నిలబడాలి, అది నిండేదాకా కదలదు. బైక్ ట్యాక్సీకి ఇచ్చే డబ్బు మెట్రో టిక్కెట్టుతో సమానం అవుతుంది కొన్నిసార్లు. సొంత బండి మీద వెళ్తే పార్కింగ్ దొరకాలి. రాత్రి ఎనిమిదింటికి వాన పడుతున్నప్పుడు మియాపూర్‌లో దిగిన ఆడపిల్ల సంగతి? రేపు ఆ మెట్రోను బాచుపల్లి దాకా తెచ్చినా, స్టేషన్ మెయిన్ రోడ్డు మీద ఉంటుంది. గోడ ఇక్కడే ఉంటుంది. అప్పుడు కూడా మీరు కిలోమీటరున్నర తిరిగే పోవాలి. రైలు మీ దగ్గరికి వచ్చినా మీరు రైలు దగ్గరికి పోలేరు.

ఎంఎంటీఎస్, మన లోకల్ రైలు, దాన్ని చూడండి. 2003 ఆగస్టులో మొదలైంది. చవకైన రైలు, అయిదు రూపాయల టిక్కెట్టుతో ఎక్కవచ్చు. రెండో దశ అని మొదలుపెట్టి, డబ్బు ఎవరు ఎంత ఇవ్వాలన్న దగ్గర ఏళ్ల తరబడి నలిగి, మేడ్చల్, ఉందానగర్ వైపు 2023 ఏప్రిల్‌లో, ఘట్‌కేసర్ వైపు 2024 మార్చిలో నడిచింది. మంచిదే. కానీ సరుకు రైళ్లు, ఎక్స్‌ప్రెస్‌లు పోయే పట్టాల మీదే ఇదీ పోవాలి. అవి పోయాక దీని వంతు. ఆఫీసుకు పోయేవాడికి కావలసింది చవక రైలు కాదు, నమ్మకమైన రైలు. పది నిమిషాలకొకటి వస్తుందంటే టైమ్‌టేబుల్ చూసే పనే లేదు. గంటకొకటి, అదీ వస్తుందో రాదో అంటే ఎవరు ఎదురు చూస్తారు?

ఇంకో తమాషా. హైటెక్ సిటీ అని ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది. హైటెక్ సిటీ అని మెట్రో స్టేషన్ ఉంది. ఒకటే పేరు కదా, ఇక్కడ దిగి అక్కడ ఎక్కవచ్చని కొత్తగా వచ్చిన కుర్రాడు అనుకుంటాడు. రెండింటి మధ్య రెండు కిలోమీటర్ల పైనే! భరత్‌నగర్‌లో, మలక్‌పేటలో రెండూ దగ్గరగా ఉన్నాయి, అది నిజం. కానీ అక్కడ దిగి ఇక్కడ ఎక్కాలంటే ఇంకో టిక్కెట్టు, ఇంకో క్యూ. బస్సుకు ఇంకో టిక్కెట్టు.

మీకు ఒక పాత సంగతి చెబుతాను. 1932లో ఈ నగరంలో ప్రభుత్వ బస్సులు మొదలైనప్పుడు నడిపింది ఎవరో తెలుసా? నిజాం స్టేట్ రైల్వే. రైల్వే వాళ్లే రోడ్డు రవాణా విభాగం పెట్టి నడిపారు. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. రైలు, బస్సు ఒకే గొడుగు కింద. తొంభై ఏళ్లు దాటాక ఇవాళ మనం ఏకీకృత రవాణా వ్యవస్థ కావాలని సెమినార్లు పెట్టుకుంటున్నాం. నవ్వు రావడం లేదా మీకు?

చెన్నైలో దీనికోసం 2010లోనే చట్టం చేశారు. అక్కడా పదేళ్లకు పైగా పెద్దగా కదల్లేదు. చివరికి 2025 సెప్టెంబరులో ఒకే యాప్‌లో సిటీ బస్సు, లోకల్ రైలు, మెట్రో, మూడింటికీ కలిపి ఒకే క్యూఆర్ టిక్కెట్టు తెచ్చారు. వాళ్లు తెచ్చారంటే మనం తేలేమని కాదు. పేరుకు మనకూ ఉమ్మడి రవాణా సంస్థ ఉంది. బస్సుల టైము మెట్రో టైముతో కలపమని చెప్పే అధికారం దాని చేతిలో ఉందా అన్నదే ప్రశ్న. అందరూ కూర్చుని టీ తాగి మినిట్స్ రాసుకుని లేచిపోతే ఏ సంస్థ ఉండి ఏం లాభం?

బస్సులు ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి

కేంద్ర ప్రభుత్వం పట్టణాలకు పెట్టిన కొలమానం ఒకటి ఉంది. లక్ష జనాభాకు 60 బస్సులు ఉంటే ఆ ఊళ్లో బస్సు సేవ బాగున్నట్టు. మన నగరం కోటి దాటింది. కోటి అంటే వంద లక్షలు. వంద ఇంటూ అరవై, ఆరు వేల బస్సులు. మన దగ్గర ఉన్నవి సుమారు మూడు వేలు. సగం! బెంగళూరులో ఆరు వేలకు పైగా తిరుగుతున్నాయి. అయినా అక్కడి ట్రాఫిక్ అలా ఉంది కదా అంటారు మీరు. అవును. ఆ బస్సులు లేకపోతే ఎలా ఉండేదో ఆలోచించండి.

మనకు 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత సిటీలో దాదాపు వెయ్యి బస్సులు తగ్గించారు. నష్టాలు వస్తున్నాయని. వెయ్యి బస్సులు తీసేస్తే జనం ఇంట్లో కూర్చున్నారా? లేదు. బండి కొన్నారు, వాయిదాల మీద. ఆ నష్టం సంస్థ లెక్కల్లోంచి పోయి మీ ఇంటి లెక్కల్లోకి వచ్చింది. అంతే జరిగింది.

ఆ తర్వాత 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చింది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచితం. బస్సులు కిక్కిరిసిపోయాయని, మగవాళ్లకు సీటు లేదని చాలామంది నా దగ్గర అంటుంటారు. ఆ సీట్లలో కూర్చున్నది ఎవరు? ఎప్పుడైనా చూశారా? మీ ఇంట్లో పనిచేసే ఆవిడను ఒకసారి అడగండి. మా ఇంటికి వచ్చే ఆవిడ గాజులరామారం వైపు నుంచి వస్తుంది. పొద్దున ఆరుకు బయల్దేరుతుంది. బస్సుకు పైసా ఖర్చు లేదు. బస్సు దిగినచోటి నుంచి మా గేటు దాకా ఆటోకు ఇరవై రూపాయలు. సాయంత్రం మళ్లీ ఇరవై. గేటు దగ్గర ఆగి రిజిస్టరులో రాసి, లోపల మా టవరు దాకా ఇంకో పది నిమిషాలు నడక. పెద్ద దూరం ఉచితం, చిన్న దూరానికి రోజుకు నలభై! నెలకు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఆ చిన్న దూరం ఎవరి లెక్కలోనూ లేదు. సంస్థ లెక్కలో లేదు, పథకం లెక్కలో లేదు.

ఏమంటున్నారు? వినిపించలేదు, కాస్త గట్టిగా... ఆ, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటున్నారు. మంచి ప్రశ్న.

హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. అంటే, స్థలానికి ఇన్ని రెట్లే అంతస్తుల విస్తీర్ణం కట్టాలన్న పైకప్పు లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, అగ్నిమాపక శాఖ అనుమతి, ఇవి చూసుకుంటే చాలు. చెన్నైలో, ముంబైలో ఇంత స్వేచ్ఛ లేదు. అందుకే కోకాపేటలో, నార్సింగిలో నలభై, యాభై అంతస్తులు లేస్తున్నాయి. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వమే వేలం వేస్తే ఎకరం వంద కోట్లు దాటింది. అక్కడికి మెట్రో ప్రతిపాదన ఎప్పుడు పంపారు? 2024లో. ముందు భూమి అమ్మారు, తర్వాత పట్టాలు గీశారు.

హాంకాంగ్‌లో దీన్ని తిరగేసి చేశారు. రైలు వేసే సంస్థకే స్టేషన్ మీద, స్టేషన్ పక్కన కట్టుకునే హక్కు ఇచ్చారు. రైలు రావడం వల్ల భూమికి పెరిగిన ధర రైలుకే చేరింది. మన దగ్గర పెరిగిన ధర ఎవరికి చేరుతోంది? ముందుగా కబురు తెలిసి నాలుగెకరాలు కొనిపెట్టుకున్నవాడికి. ఎత్తైన భవనాలకు ఇంపాక్ట్ ఫీజు అని వసూలు చేస్తారు. అలా వచ్చిన ఇంపాక్ట్ ఫీజులో బస్సుకు ఎంత దక్కిందని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. మీ సంఘంలో రిటైరైన ఆడిటర్లు ఉన్నారట, వాళ్లకు మంచి పని.

నేను చెప్పేది ఇదే. నగరంలో రవాణా ఎలా ఉండాలో నిర్ణయమయ్యేది మెట్రో ఆఫీసులో కాదు, ఆర్టీసీ పెద్దాఫీసు బస్ భవన్‌లో కాదు. లేఅవుట్ మీద, భవనం ప్లాను మీద సంతకం పడే బల్ల దగ్గర. అక్కడ ఒక్కసారి సంతకం పడ్డాక ఇక బస్సుల మనిషి చేయగలిగింది చాలా తక్కువ. పెళ్లి అయ్యాక జాతకం చూపించుకున్నట్టు ఉంటుంది మా పని.

మరి ఇప్పుడు ఏం చేయాలి? కట్టేసిన ఇళ్లను పడగొట్టలేం. గోడలను మాత్రం కొంచెం పడగొట్టవచ్చు. కాలనీకి కాలనీకి మధ్య నడిచే దారి, ఆరడుగులది చాలు. రాత్రి పదింటికి గేటు వేసుకోండి, ఎవరొద్దన్నారు? దొంగలు వస్తారని భయమా? సీసీ కెమెరా పెట్టండి. అవతలి కాలనీవాళ్లు మన పార్కులో కూర్చుంటారని భయం అయితే దానికి నా దగ్గర మందు లేదు.

రెండోది, లింకు రోడ్లు. మాస్టర్ ప్లాన్‌లో గీసి, నేల మీదికి రాని రోడ్లు. నగరంలో కొన్నేళ్లుగా మిస్సింగ్ లింకులని కొన్ని వేశారు. అర కిలోమీటరు ముక్క, ముప్పావు కిలోమీటరు ముక్క, అంతే. ఫ్లైఓవర్‌కు వచ్చినంత పేరు రాదు, రిబ్బన్ కత్తిరించడానికి పెద్దవాళ్లు రారు. కానీ ఒక్క ముక్క పడితే మూడు కాలనీల బండ్లు మెయిన్ రోడ్డు ఎక్కకుండా పోతాయి, బస్సుకు గుండ్రంగా తిరిగే దారి దొరుకుతుంది. గుండ్రంగా తిరిగే దారి దొరికితే వెనక్కి తిరగడానికి ఎనభై అడుగులతో పనే లేదు. అర్థమైందా? ఒక వీధిలో లోపలికి, ఇంకో వీధిలో బయటికి. మీ ప్రాంతం పటంలో అలాంటి ముక్కలు రెండు కనబడుతున్నాయి నాకు. కార్యదర్శిగారికి గీసి ఇస్తాను.

మూడోది డిపో. ఇది ఎవరూ అడగరు. పీఎం ఈ-డ్రైవ్ అనే కేంద్ర పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. వస్తాయి. రాత్రి ఎక్కడ పడుకుంటాయి? చార్జింగు ఎక్కడ పెడతారు? వంద బస్సుల డిపోకు అయిదెకరాలైనా కావాలి. మీ శివారులో అయిదెకరాలు ఎక్కడ మిగిలింది? దూరపు డిపో నుంచి బస్సు ఖాళీగా వచ్చి ఇక్కడ మొదటి ట్రిప్పు ఎత్తుకుంటే, ఆ ఖాళీ తిరుగుడును మేము డెడ్ కిలోమీటర్లంటాం. డీజిలో కరెంటో కాలుతుంది, జీతం పడుతుంది, పైసా రాదు. పొద్దున మొదటి బస్సు ఆలస్యం, రాత్రి ఆఖరి బస్సు తొందరగా పోవడం, రెండింటికీ కారణం అదే. అందుకని మీ ప్రాంతంలో మిగిలిన ప్రభుత్వ స్థలం ఏదైనా ఉంటే, దాన్ని వేలానికి పెట్టకముందే డిపోకు ఇవ్వమని అడగండి. డిపో పక్కన ఇల్లు వద్దు, చప్పుడు అంటారా? ఎలక్ట్రిక్ బస్సు చప్పుడు చేయదు. మీ పక్కింటి బుల్లెట్ చేసినంత కూడా చేయదు.

మెట్రో కోసం అర్జీ పెట్టుకోండి, వద్దనను. అది పదేళ్ల పని, ఇవాళ అడిగితేనే పదేళ్లకు వస్తుంది. కానీ బాచుపల్లి చౌరస్తా నుంచి మియాపూర్ మెట్రో దాకా పది నిమిషాలకొక చిన్న బస్సు, ఏడెనిమిది మీటర్లది, పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా. అది పదేళ్ల పని కాదు. ఈ ఏడాది పని. పది నిమిషాలకొకటి అని రాయండి, సరిపడా బస్సులు అని రాయకండి. సరిపడా అంటే ఎంతో ఏ డిపో మేనేజరూ చెప్పలేడు. మొదటి రెండు నెలలు ఓఆర్, అంటే సీట్లు నిండే శాతం, తక్కువ వస్తుంది, సగం సీట్లు ఖాళీగా పోతాయి. ఆ రెండు నెలలు తీసేయకుండా నడపాలని కూడా రాయండి. కొత్త రూటు మీద నమ్మకం కుదరకముందే బస్సు తీసేస్తే జనం మళ్లీ ఇంకో పదేళ్లు నమ్మరు.

ఆ, ఇంకొకటి, ఇది ప్రభుత్వం చేసేది కాదు. ఆ చిన్న బస్సు తిరగాల్సిన నలభై అడుగుల వీధిలో నేను వస్తూ చూసుకున్నాను. రెండు పక్కలా కార్లు. ఒక దాని మీద కవరు కూడా కప్పి ఉంది, దాని చక్రాల కింద గడ్డి మొలిచింది. బస్సు రావాలంటే ఒక పక్క కార్లు తీయాలి. కుడి పక్కా, ఎడమ పక్కా అన్నది మీరే తేల్చుకోండి. కుదిరితే ఇవాళే, అందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి. నేను అలా పక్కన కూర్చుని టీ తాగుతుంటాను, నా కారు ఎటువైపు ఉందో చెప్పను.